తెలియదన్న మాట కూడా ప్రమాణమే

నేటి పఠనం: ఋగ్వేదం 10వ మండలం, 129వ సూక్తం, కేనోపనిషత్తు 2వ ఖండం

ధ్యానాంశం: తెలిసినంత వరకే తెలుసనడం సత్యానికి చేసే పూజల్లో మొదటిది.

ధ్యానం

చిత్తూరు వైపు తగవు ముదిరితే చివరికి ఒక మాట దగ్గరికి వచ్చి ఆగుతుంది: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" చేబదులు తీసుకొని తీసుకోలేదన్నవాడికీ, పొలం గట్టు జరిపి జరపలేదన్నవాడికీ, మైకుల ముందు సవాళ్లు విసురుకునే నాయకులకీ అదే మాట. ఇరాల మండలంలో బాహుదా నది పక్కన, బావిలో స్వయంభువుగా వెలిసిన వరసిద్ధి వినాయకుడు సత్యానికి కాపలా ఉంటాడని ఈ ప్రాంతపు నమ్మకం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి అబద్ధమాడినవాడికి మేలు జరగదంటారు. అందుకే చాలా తగవులు గుడిదాకా పోవు. బస్సెక్కుదాం రమ్మనగానే ఇద్దర్లో ఒకరి గొంతు తగ్గుతుంది.

అదే కోనేటి గట్టున మనల్ని నిలబెట్టి, అప్పు సంగతి వదిలేసి, గట్టు సంగతి వదిలేసి, స్వామి సంగతే అడిగారనుకుందాం. "దేవుడుండాడని ప్రమాణం చెయ్యప్పా. నమ్ముతానని కాదు, మా పెద్దోళ్లు చెప్పినారని కాదు. నాకు తెలుసు అని చెయ్." ఎంతమందిమి తడిబట్టలతో ముందుకు పోతాం? సరే, తిప్పి అడుగుదాం. "దేవుడు లేడని నాకు తెలుసు అని ప్రమాణం చెయ్." ఇప్పుడైనా ఎంతమందిమి కదులుతాం? మొదటి ప్రమాణమూ చేయలేక, రెండోదీ చేయలేక, గట్టునే నిలబడి "నాకు తెలీదు సామీ" అనేవాడొకడు ఉంటాడు. అతణ్ణి అజ్ఞేయవాది అంటారు. ఈరోజు ధ్యానం అతని గురించి. భక్తులకు గానీ, భక్తి లేనివాళ్లకు గానీ అతని దగ్గర నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అని.

అతను మన మధ్య లేని మనిషేమీ కాదు. భార్య మొక్కుకుంటే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఆమె వెంట ఎక్కుతాడు. ఆమె మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోతుంటే ఇతను చంటిబిడ్డనూ నీళ్ల బాటిలునూ మోస్తాడు. మోకాళ్ల పర్వతం దగ్గర ఆమె మోకాళ్ల మీద ఎక్కుతానంటే వద్దనడు, చెయ్యి మాత్రం పట్టుకుంటాడు. అమ్మ మాట తీసేయలేక కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తాడు. కంపార్ట్‌మెంట్లో అందరితో పాటు గంటల తరబడి కూర్చుంటాడు. స్వామి ఎదుటికి వచ్చాక, "జరగండి, జరగండి" అనే తోపులాటలో చేతులు జోడిస్తాడు గానీ ఏమీ కోరుకోడు. ఉన్నాడో లేడో తెలియనివాణ్ణి అడగడం న్యాయం కాదనుకుంటాడు. బయటికి వచ్చాక ఎవరైనా "స్వామి బాగా కనిపించాడా?" అంటే "బాగా కనిపించాడు" అంటాడు. కళ్లు చూసినదే చెప్పాడు కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు.

ఇతర మతస్థులు తిరుమలలో దర్శనానికి పోయేముందు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టే పద్ధతి ఉంది. ఇతని పేరు, ఇంటిపేరు చూసి ఆ కాగితం ఎవరూ చేతికివ్వరు. కాబట్టి ఇతని లోపల ఏముందో బయటివాళ్లకు తెలిసే అవకాశమే లేదు. ఇంట్లోవాళ్లూ అడగరు, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని. ఇలా మన ఇళ్లలో కొందరు ఏళ్లకేళ్లు పూజగది గడపదాకా వచ్చి, హారతి కళ్లకద్దుకొని, తమ ప్రశ్నను తమలోనే పెట్టుకొని వెళ్లిపోతుంటారు. వాళ్లను నాస్తికుల కింద జమకట్టడం తేలిక. భక్తుల్లో కలిపేసుకోవడం ఇంకా తేలిక. రెండూ అన్యాయమే.

ఇలాంటివాణ్ణి చూసి ఆస్తికులూ నాస్తికులూ ఏకమై అనే మాట ఒకటుంది: గోడమీద పిల్లి. పిల్లి గోడమీద ఎందుకు కూర్చుంటుంది? ఏ పక్క పాలగిన్నె కనిపిస్తే ఆ పక్కకు దూకడానికి. ఇతనికి రెండు పక్కలా గిన్నెలున్నాయి. ఉన్నాడని చెబితే ఇంట్లో శాంతి, బంధువుల్లో మర్యాద. లేడని చెబితే చదువుకున్న స్నేహితుల మధ్య ధైర్యవంతుడన్న పేరు. రెండు గిన్నెలూ కళ్లెదుటే ఉండగా దూకకుండా కూర్చున్న పిల్లిని అవకాశవాది అనడానికి నోరు రాదు.

1869లో లండన్‌లో థామస్ హెన్రీ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్తకు ఇదే చిక్కు వచ్చింది. ఆయన కూర్చునే పండితసభలో ప్రతివాడికీ చెప్పుకోవడానికి ఒక సిద్ధాంతం ఉంది. తనకు మాత్రం ఏదీ లేదని, తనలాంటివాళ్ల కోసం ఇంగ్లీషులో ఒక కొత్త పేరు పుట్టించాడు. ఇదొక మతం కాదు, ఒక పద్ధతి అని తర్వాత వివరించాడు కూడా: బుద్ధి తీసుకుపోయినంత దూరం దానివెంట పోవాలి, రుజువు కానిదాన్ని రుజువైనట్టు చెప్పకూడదు. అంటే ఇది దేవుడి మీద చెప్పిన తీర్పు కాదు. చెప్పేవాడు తన నోటికి పెట్టుకున్న కట్టుబాటు.

పేరు అప్పటిది. ఆ నిజాయితీ మాత్రం మన దగ్గర వేదమంత పాతది. నేటి పఠనంలోని నాసదీయ సూక్తం ఏడు మంత్రాలు. సృష్టికి ముందు ఏముండేదని మొదలుపెట్టి, ఎక్కడుండేది, ఎవరి నీడన ఉండేదని అడుగుతూ పోతుంది. దేవతలను అడుగుదామంటే వాళ్లూ సృష్టి తర్వాత వచ్చినవాళ్లే కదా అంటుంది. చివరి మంత్రంలో, అన్నిటినీ పైనుంచి కనిపెట్టి చూసే ఆ అధ్యక్షుడికి తెలిసుండాలి అన్నట్టే అని, ఆయనకైనా తెలుసో లేదోనన్న అనుమానం దగ్గర ఆగిపోతుంది. జవాబు లేదు, ఫలశ్రుతి లేదు. ఆ సూక్తాన్ని ఎవరూ వేదంలోంచి తీసేయలేదు. ఋగ్వేద సంహిత మొత్తం వల్లెవేసే పిల్లవాడు అగ్నినీ ఇంద్రుణ్ణీ పొగిడే మంత్రాలతో పాటు ఈ అనుమానాన్నీ స్వరం తప్పకుండా వల్లెవేయవలసిందే. ఇన్ని తరాలు దాన్ని మోసుకొచ్చినవాళ్లు దాన్ని భక్తికి అపచారమనుకోలేదు.

కేనోపనిషత్తులో గురువు, బ్రహ్మం తనకు బాగా తెలిసిపోయిందనుకునే శిష్యుణ్ణి పట్టి ఆపుతాడు. తెలుసుననే ధీమా మీదే ఆయనకు అనుమానం. ఇక మన కొండ కింద బతికినవాళ్లకు దగ్గరి మనిషి అన్నమయ్య ఉన్నాడు. 1408లో పుట్టి 1503లో పోయిన ఆయన జీవితమంతా ఒకే స్వామిని పాడాడు. అయినా ఒక కీర్తనలో వైష్ణవులు, శైవులు, కాపాలికులు, వేదాంతులు ఎవరికి వాళ్లు వేర్వేరుగా తలచుకోవడం చూసి, తేడా కొలిచేవాడి పాత్రలో ఉంది గానీ కొలవబడేదానిలో లేదన్నాడు. అన్నమయ్య అజ్ఞేయవాది కాదు, ఆ మాట అనడానికి మనకు హక్కు లేదు. ఆయనకు తన స్వామి తెలుసు. కానీ తన చేతి గిన్నె పట్టినంతే సముద్రమని ఆయన అనలేదు. భక్తి ఎంత గట్టిదైతే అలాంటి కీర్తన పాడగలడో ఆలోచించండి.

తిరుపతి నుంచి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట రాతిపొరలు బయటపడి ఉంటాయి. కింద ఉన్నది 210 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్. దానిమీద నేరుగా కూర్చున్నది 160 కోట్ల ఏళ్ల నాటి నగరి క్వార్ట్‌జైట్. రెండూ ఒకదాన్నొకటి తాకుతుంటాయి. మధ్యలో ఉండవలసిన 50 కోట్ల ఏళ్ల రాయి లేదు. ఆ కాలంలో ఇక్కడ ఏ పొరా నిలవలేదు, నిలిచినదేమైనా ఉంటే కోసుకుపోయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ఖాళీని ఊహలతో పూడ్చలేదు. ఇక్కడ లెక్క తెగిపోయిందని ఒప్పుకొని, ఆ తెగినచోటునే జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించి గౌరవించారు. అదే మలుపులో బస్సు తిరుగుతుంటే లోపల జనం గోవిందలు కొడుతుంటారు. వాళ్లకు ఈ కొండ ఆదిశేషుడి పడగ. గోవింద కొట్టేవాడూ, రాయి వయసు కొలిచేవాడూ ఒకే బస్సులో పోవచ్చు, ఒక్కోసారి ఇద్దరూ ఒకే మనిషి కూడా అయ్యుండవచ్చు. కొలిచినదాన్ని కొలిచానని, నమ్మినదాన్ని నమ్మానని వేర్వేరుగా చెప్పగలిగితే చాలు.

దేవుడు లేడని గట్టిగా చెప్పినవాళ్లూ తెలుగునాట ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు గోరా. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. సేవాగ్రామంలో ఆయన గాంధీతో చాలాసార్లు మాట్లాడారు. ఆ సంభాషణలను 1951లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. తన ఆస్తికత్వమే ఒప్పని గానీ, గోరా నాస్తికత్వం తప్పని గానీ తాను చెప్పలేనని గాంధీ అన్నట్టు అందులో ఉంది. రోజూ సాయంత్రం ప్రార్థన తప్పని మనిషి ఆ మాట అన్నాడు. దేవుడే సత్యం అంటూ వచ్చిన గాంధీ 1931 నాటికే సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. గోరా కూతురి పెళ్లి ఆశ్రమంలో చేయడానికి ఒప్పుకున్నప్పుడు, ప్రమాణంలో దేవుడి పేరు వచ్చేచోట సత్యం పేరు పెట్టుకోవచ్చన్నారు. ఆ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామంలో జరిగేనాటికి గాంధీ లేరు.

ఆ సర్దుబాటు మన రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది. మూడో షెడ్యూలులో మంత్రి అయ్యేవాడికీ న్యాయమూర్తి అయ్యేవాడికీ రెండు దారులున్నాయి: దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, దేవుడి పేరు లేకుండా నిష్ఠతో మాటివ్వనూ వచ్చు. కోర్టులో సాక్షికి కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. బోనెక్కినవాడు ఏ దారిన మాటిచ్చినా జడ్జి అడిగేది ఒకటే: నువ్వు చూసింది చెప్పు. ఎవరో అనగా విన్నది సాధారణంగా అక్కడ చెల్లదు. మన తగవుల్లో కాణిపాకం స్వామి పనీ, కోర్టులో చట్టం పనీ ఒకచోటికే వచ్చాయి. చూసినదానికంటే ఎక్కువ చెప్పకుండా నాలుకను కట్టడి చేయడమే ఆ పని. అజ్ఞేయవాది ఆ కట్టడిని పొలం గట్టు దగ్గర ఆపకుండా పరలోకం దాకా పొడిగించాడు. అతను చేసిన కొత్త పని అంతే.

మొన్నటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో 1895 మేలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారు చేరాక, లోకం ఎదురుచూసే జగద్గురువు ఈ పిల్లవాడి ద్వారా వస్తాడని సమాజం పెద్దలు నమ్మారు. ఆయన్ను ముందు నిలబెట్టి 1911లో ఒక సంఘమే స్థాపించారు. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లో ఓమెన్ శిబిరంలో, వేలమంది సభ్యుల ముందు ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. తనకు అనుచరులు వద్దన్నారు. సంఘానికి వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి వెళ్లిపోయాయి. ఆయన్ను అజ్ఞేయవాది అని పిలవడం సరికాదు, ఆయన ఏ పేరుకూ ఒప్పుకోలేదు. కానీ "నాకు తెలియదు" అనగలిగే మనసు గురించి ఆయన ప్రసంగాల్లో పదేపదే వస్తుంది. తెలుసు అంటే చాలు కాళ్లమీద పడే జనం ఎదురుగా కూర్చుని ఉండగా, నన్ను నమ్మకండి అనడం ఎంత కష్టమో ఊహించుకోవాలి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఆయన పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది.

ఇంతవరకూ అతని మంచి చెప్పుకున్నాం. ఇప్పుడు హెచ్చరిక. తెలియదనే ప్రతివాడూ సత్యం కోసమే అంటున్నాడని నమ్మనక్కర్లేదు. "నాకు తెలియదు" అనే మాట వెనక ఒక్కోసారి "నాకు పట్టదు" దాక్కుని ఉంటుంది. ఒక్క పుస్తకం తెరవకుండా, ఒక్క పెద్దమనిషిని అడగకుండా, ఒక్క రాత్రి నిద్ర చెడగొట్టుకోకుండా తెలియదనేవాడిది బద్ధకం. ఇంకొకడున్నాడు. దేవుడి సంగతి తేలలేదు కాబట్టి ధర్మం సంగతీ తేలలేదంటాడు. పక్కింటివాడి ఆకలి, కూలివాడి బాకీ, ముసలి తల్లి మందులు అన్నీ ఆ తేలని ఖాతాలోనే వేస్తాడు. వీడిది బద్ధకం కూడా కాదు, మోసం.

వాళ్లిద్దరికీ జవాబు శ్రీకాళహస్తిలో ఉంది. వేటగాడైన తిన్నడికి ఆగమం తెలియదు. ఏ నీళ్లతో అభిషేకం చేయాలో, ఏది నైవేద్యమో తెలియదు. నోటితో నీళ్లు తెచ్చాడు, తాను వేటాడిన మాంసం పెట్టాడు. అది చూసి పూజారి కుమిలిపోయాడు. ఒకరోజు లింగం కంట్లోంచి రక్తం కారింది. రాతికి నొప్పి ఉంటుందా, ఇది కలా నిజమా అని తిన్నడు విచారణ పెట్టలేదు. బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. కథను భక్తి కథగా చదువుకుంటాం, అలాగే చదువుకోవాలి కూడా. కానీ అందులో తెలియనివాడికీ ఒక పాఠముంది. రక్తం కారుతున్న చోట తత్త్వం తేలేదాకా ఆగనక్కర్లేదు. తిన్నడికి తెలియనివి ఎన్నో ఉన్నా, కన్ను ఇవ్వడానికి అవేవీ అడ్డం రాలేదు.

తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరున్న భవనంలో జరుగుతోంది. వెంగమాంబ 18వ శతాబ్దంలో వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోతే తల గొరిగించుకోనని ఊరి పెద్దలను ఎదిరించి, కొండ చేరి, కావ్యాలు రాసిన మనిషి. ఆ భవనంలో పంక్తిలో కూర్చున్నవాడి ముందు ఆకు పడుతుంది, అన్నం పడుతుంది, సాంబారు పడుతుంది. నీ నమ్మకం ఏమిటని వడ్డించేవాడు అడగడు. నమ్మినవాడి ఆకలీ నమ్మనివాడి ఆకలీ ఒక్క గరిటెతోనే తీరుతుంది. మతాల్లో ఉన్న మంచి అంతా ఎక్కడుందని ఎవరైనా అడిగితే ముందు చూపించవలసిన చోట్లలో అదొకటి. తెలియదనేవాడు కూడా అక్కడ నడుం వంచి వడ్డించవచ్చు. దానికి ఏ ప్రమాణమూ అక్కర్లేదు.

ఇక భక్తుల వైపు తిరుగుదాం, ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే కాబట్టి. మనం తెలుసని చెప్పేసే చోట్లు ఎక్కడెక్కడున్నాయి? వాటిలో అన్నిటికంటే గాయం చేసేది చావు జరిగిన ఇల్లు. చిన్నపిల్ల పోయిన ఇంటికి వెళ్తాం. ఆ తల్లి గోడకానుకొని కూర్చుని ఉంటుంది. మాట తోచదు. తోచనప్పుడు ఊరికే ఉండొచ్చు. కానీ ఎవరో ఒకరు అంటారు: "దేవుడికి ఇష్టమైనోళ్లనే ముందు తీసుకుంటాడమ్మా." ఇంకొకరు, "ఏ జన్మలో ఏ రుణమో" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాటలకు మనం తడిబట్టలతో నిలబడగలమా? ఆ పిల్ల ఎందుకు పోయిందో మనకు నిజంగా తెలుసా? తెలియనప్పుడు దేవుడి తరఫున కారణం చెప్పే వకాల్తా మనకెవరిచ్చారు? ఆ వాకిట్లో "ఎందుకిట్లా జరిగిందో తెలీదమ్మా" అనేవాడు ఆమె పక్కన కూర్చుంటాడు. కారణం చెప్పేవాడు తనకు తెలియకుండానే ఆమె ఎదుట జడ్జిగా కూర్చుంటాడు. నిజమైన భక్తి అక్కడ మొదటివాడి పక్కన చోటు వెతుక్కోవాలి.

జబ్బు చేసినవాళ్ల దగ్గరా ఇంతే. మొక్కు మరిచినందుకే ఇది వచ్చిందని, ఫలానా గుడికి పోయుంటే తగ్గేదని నోటికొచ్చినట్టు చెప్పేస్తుంటాం. అవతలివాడు ఆ రాత్రంతా తన తప్పులు లెక్కపెట్టుకుంటూ పడుకుంటాడు. మనం మాత్రం ఓదార్చి వచ్చామనుకుంటాం. డాక్టరు కూడా పరీక్షలు రానిదే జబ్బు పేరు చెప్పడు. దేవుడి మనసు చదివి చెప్పడానికి మనం అంత ఆలోచించడం లేదు.

తెలియదనేవాళ్లకూ ఒక మాట. ఐసీయూ బయట బల్లమీద కూర్చుని, ముడుపు కట్టిన పసుపు గుడ్డను పిడికిట్లో పట్టుకున్న తల్లిని చూసి, దీనివల్ల ఏమవుతుందని నవ్వకండి. ఏమీ కాదని మీకు తెలుసా? తెలియదని చెప్పుకునేవాళ్లకు వెటకారం చేసే హక్కు ఉండదు. వెటకారానికి చాలా నమ్మకం కావాలి. మీ మాట మీకు కట్టుబాటైతే అది రెండు వైపులా కట్టాలి: గుడి వైపు నోరు కట్టుకున్నట్టే, గుడిని వెక్కిరించే వైపూ కట్టుకోవాలి. ఆమెకు కాఫీ తెచ్చివ్వండి. మందుల చీటీ తీసుకొని ఫార్మసీకి మీరు పరుగెత్తండి. ముడుపు ఆమె చూసుకుంటుంది.

కాణిపాకంలో మరో నమ్మకం కూడా ఉంది. విగ్రహం పెరుగుతోందని, పాతకాలంలో చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టడం లేదని చెబుతారు. అది ఎలాగో విచారించడం ఈ ధ్యానం పని కాదు. కానీ ఆ కథ ధ్యానానికి బాగా పనికొస్తుంది. మనం దేవుడి గురించి చేసుకున్న ప్రతి నిర్వచనమూ మన కొలతకు కొట్టించిన కవచమే. ఇరవై ఏళ్ల వయసులో కొట్టించుకున్నది నలభై ఏళ్లకు పట్టదు. బిడ్డ పుట్టాక పట్టదు, తండ్రి పోయాక అసలే పట్టదు. పట్టని కవచాన్ని బలవంతంగా తొడగడం భక్తి కాదు. కవచం పట్టలేదు కాబట్టి స్వామే లేడని తేల్చడం బుద్ధీ కాదు. పట్టలేదని ఒప్పుకొని, చేతిలో కవచంతో కాసేపు ఊరికే నిలబడగలగాలి. అజ్ఞేయవాది జీవితమంతా అక్కడే నిలబడి ఉంటాడు. భక్తుడు అప్పుడప్పుడైనా వెళ్లి అతని పక్కన నిలబడితే, తిరిగి వచ్చాక చేసే పూజలో డాంబికం తగ్గుతుంది.

మననం

నా నమ్మకాల్లో నేను స్వయంగా తెలుసుకున్నవి ఏవి? విని ఒప్పుకున్నవి ఏవి? వినిపించినవాళ్ల మీద ప్రేమతో వదలలేకపోతున్నవి ఏవి? మూడూ విలువైనవే కావచ్చు. వాటిని విడివిడిగా పెట్టుకున్నానా?

నా ఇంట్లో ఎవరైనా తమ "తెలియదు"ను నాకు చెప్పలేక దాచుకుంటున్నారా? చెప్పలేకపోవడానికి కారణం నా ముఖమేనా?

నేను తెలియదన్నప్పుడల్లా తెలుసుకోవడానికి ఏదైనా చేశానా, లేక ఆ మాటను తలుపులా వేసేసుకొని పడుకున్నానా?

ప్రార్థన

ఎవరికి చెప్పుకుంటున్నానో తెలియకుండానే ఈ మాటలు చెప్పుకుంటున్నాను. నీవు ఉంటే, నా అనుమానం నీకు కొత్త కాదు. వేదంలో దానికి చోటిచ్చినవాళ్లు నీవాళ్లే. నీవు లేకుంటే, ఈ మాటలు నా మనసుకైనా వినిపించనీ. చూడనిదాన్ని చూశానని చెప్పే పిరికితనం నాకు వద్దు. చూడలేదు కాబట్టి లేదని తేల్చే తొందరా వద్దు. నమ్మేవాళ్ల ముందు నా నోరు మర్యాద తప్పకుండా ఉండాలి. బాధపడేవాళ్ల దగ్గర నా చేతులు ఖాళీగా ఉండకూడదు. తెలుసుకోవాలనే ఆకలి చచ్చిపోకుండా ఉండాలి. నమ్మకం ఉన్నవాళ్లు ఈ ప్రార్థనను తమ స్వామి పేరుతో ముగించుకోవచ్చు. లేనివాళ్లు సత్యం పేరుతో ముగించుకోవచ్చు.

నేటి సంకల్పం

ఈరోజు దేవుడి గురించి గానీ, ఇంకొకరి రాత గురించి గానీ "నాకు తెలుసు" అని నోటిదాకా వస్తే ఒక్క క్షణం ఆగి, దానికి ప్రమాణం చేయగలనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. చేయలేకపోతే "నేను నమ్ముతాను" అనో, "నాకు తెలియదు" అనో సరిదిద్దుకుంటాను. నమ్మకంలో నాతో కలవని నా ఇంటి మనిషి ఒకరిని ఈరోజు వాదం లేకుండా వాళ్లు పోదామన్న చోటికి తీసుకుపోతాను: గుడికైతే గుడికి, లైబ్రరీకైతే లైబ్రరీకి. దారిలో వాళ్లేమనుకుంటున్నారో అడిగి, పూర్తిగా వింటాను.